వంకర పిడి బ్యాట్

మొన్న శనివారం మా అమ్మాయి తన ఫోన్ నా ముందుకు తోసి, "డాడీ, ఇది పెదనాన్న బ్యాట్ కదా?" అంది. చూద్దును కదా, ఎవరో అమ్మకానికి పెట్టిన టేబుల్ టెన్నిస్ బ్యాట్. పిడి తిన్నగా లేదు. డ్రిల్ మెషిన్ పిడిలా కిందికి వంగి ఉంది. కాదమ్మా, వేరే ఎవరిదో అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆ పూట కాఫీ సహించలేదు.

తన పెదనాన్న అంటే నా తోడల్లుడు, మా ఆవిడ అక్క భర్త. అమెరికాలో మేముంటున్న క్యారీ ఊళ్ళోనే, మా ఇంటికి పది నిమిషాల డ్రైవ్. తోడల్లుళ్ళను ఒకే పంక్తిలో కూర్చోబెడితే ఎవరి విస్తట్లో నెయ్యి ఎక్కువ పడిందో చూసుకుంటారని మావాళ్ళ వెటకారం. దాన్ని నిజం చేసినవాణ్ణి నేను. మామగారు ఫోన్ చేస్తే తోడల్లుడితో ఎంతసేపు మాట్లాడారో కూడా ఆరా తీసేవాణ్ణి. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి హాల్లో టేబుల్ వేసి ఆడేవాళ్ళం. ఏటా చర్చి పిక్నిక్ ముందు జరిగే పోటీలో ఫైనల్ మా ఇద్దరికే మిగిలేది. గెలుపు మాత్రం ఆయనదే.

నా మణికట్టు నొప్పి సంగతి ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. ఒకరోజు భోజనానికి పిలిచి, వంటింట్లో చపాతీ పిండి ముద్ద నా చేతిలో పెట్టి గట్టిగా పట్టుకోమన్నారు. వేళ్ళ అచ్చు పడిన ముద్దను ఫ్రీజర్‌లో దాచారు. ఇదేం చేతబడి అని కార్లో అడిగితే, "మా బావ ఏం చేసినా మీకు అనుమానమే" అని మా ఆవిడ కిటికీ వైపు తిరిగింది. నెల తర్వాత, ఆ అచ్చు ప్రకారం గరాజ్‌లో చెక్కిన పిడితో అలాంటి వంకర బ్యాట్ ఒకటి తెచ్చిచ్చారు. రెండు వారాలు ఆడి చూడమన్నారు. బాగుందంటే డ్రాయింగులు ఒక బ్యాట్ల కంపెనీకి పంపుతారట. మూడేళ్ళ శ్రమ, నా మాట కోసం ఆగిందట.

పోటీకి అప్పటికి మూడు వారాలే ఉంది. నా చేతిని ఈ వంకరకు అలవాటు చేసి, ఉన్న ఆట చెడగొట్టడానికే అనుకున్నాను. బ్యాట్‌ని వంటింటి త్రాసు మీద తూచాను. రబ్బరు అంచు ఎత్తి లోపలికి చూశాను. ఏమీ దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది. మేడ మీద బోనస్ రూమ్ అనే అదనపు గదిలో టేబుల్ సగం మడిచి గోడలా నిలబెట్టి ఒక్కణ్ణే ఆడాను. మణికట్టు తిప్పే పనే లేదు, నొప్పి లేదు. ఏళ్ళ తరబడి మొరాయించిన బ్యాక్‌హ్యాండ్ చెప్పినచోటికి వెళ్ళింది. ఇంత మంచి వస్తువు ఎవరైనా ఊరికే ఎందుకిస్తారు?

రెండో ఆదివారం హాల్లో అందరి ముందూ అడిగారు.

"నొప్పి ఎక్కువైంది అన్నయ్యా. ఇది పనికొచ్చేది కాదు" అన్నాను.

ఆయన వాదించలేదు. నోట్‌బుక్‌లో రాసుకుని, "మొహమాటపడకుండా చెప్పావు తమ్ముడూ, మంచిది" అని బ్యాట్ తీసుకున్నారు. మరుసటి వారం వాళ్ళింటికి వెళితే, చేసిన పిడులన్నీ రంపంతో కోసేసి గరాజ్‌లో చెత్తబుట్టలో పడున్నాయి. ఆ ఏటి ఫైనల్ కూడా నేను ఓడిపోయాను, పాత బ్యాట్‌తో, పాత నొప్పితో.

ఇది జరిగి తొమ్మిదేళ్ళు. అమ్మాయి ఫోన్ చూపించిన మర్నాడే వెళ్ళి ఆయనకు అంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. కనీసం వదినను పిలిచి చెబుతారనుకున్నాను.

"నిజంగా నొప్పి రాలేదా?" అన్నారు.

"రాలేదన్నయ్యా."

ఆయన మొహం వెలిగింది. తిట్టి ఉంటే బాగుండేది. బ్యాక్‌హ్యాండ్ ఎలా వెళ్ళింది, బొటనవేలు ఎక్కడ ఆనింది అని అరగంట అడిగారు. ఇంకొకటి చేద్దామా అన్నాను.

"ఎంత వంచానో గుర్తులేదు తమ్ముడూ. ఆ కాగితాలూ లేవు" అన్నారు.

కాలం మన తప్పుల మీద కోపం పెట్టుకోదేమో. అలాగని మనం ఒప్పుకునేదాకా వేటినీ దాచి ఉంచదు.