బెండకాయ కొస

ఈ పరాయి దేశంలో మేముండే ప్లేనో ఊరి డౌన్‌టౌన్‌లో కూరగాయల షాపు నడిపిన ఆమెను తలచుకుంటే టక్కున విరిగే బెండకాయే గుర్తొస్తుంది. మనం అడగకముందే ఒక కాయ కొస విరిచి చూపించి, "లేతవే బాబాయ్ గారూ" అనేది. అద్దె పెంచి పెంచి ఆమెను ఖాళీ చేయించారు. ఆ చోట ఇప్పుడు కుక్కలకు క్షవరం చేస్తున్నారు. మనుషులు ఏం వండుకుంటే ఎవడికి కావాలి.

మొన్న హైవే పక్కనున్న పెద్ద స్టోర్‌లో ఏప్రన్ కట్టుకుని కనిపించింది. అక్కడ బెండకాయలు విరవకూడదని బోర్డు పెట్టారు. ఒళ్లు మండి, విరుద్దామనే చెయ్యి చాపాను.

"వద్దు బాబాయ్ గారూ, మేనేజర్ చూస్తే నా జాబ్ పోద్ది."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆమె అటూ ఇటూ చూసి, తనే ఒక కాయ కొస వంచింది. అది విరగలేదు. కాయను ఏప్రన్ జేబులో దాచేసింది.

"ముదిరిపోయాయి. శుక్రవారం రండి."