రెండో కాఫీ

ఉప్పల్ మెట్రో దగ్గరి ఆ కాఫీ షాపును ఎంచుకున్నది నేనే. ఇప్పుడు పెళ్లిచూపులంటే ముందు అబ్బాయి, అమ్మాయి బయట ఎక్కడో కలుసుకుని మాట్లాడుకోవడం. పెద్దలు ఆ తర్వాతే. నచ్చని మనిషి డబ్బులతో కాఫీ తాగి రావడం నాకు గిట్టదు, అందుకని ప్రతిసారీ నేనే కట్టేదాన్ని. ఫోన్లోని వాలెట్‌తో కడితే ఆ షాపువాళ్లు మన ఫోన్ నంబర్ మీద పాయింట్లు వేస్తారు, ఐదు బిల్లులకు ఒక కాఫీ ఉచితం. "సంబంధం కుదరకున్నా కాఫీ అయితే గిట్టుబాటైతది" అని మా పిన్ని కూతురితో అని నవ్వేదాన్ని. అంత తెలివి నాది!

మొన్న ఆదివారం వచ్చినతనిది బోడుప్పల్. షాపు మొదటి అంతస్తులో ఉంది. మెట్లు ఎటువైపో తెలియక కింది నుంచి నాకు ఫోన్ చేశాడు, దారి చెప్పాను. వస్తూ వస్తూనే రెండు కాఫీలకు డబ్బులు కట్టేసి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మొదటి మాట జీతం గురించి కాదు.

"మీకు ఇష్టమై వచ్చిన్రా, ఇంట్ల పంపిస్తే వచ్చిన్రా? ఏదైనా జెప్పున్రి, నేనేం అనుకోను."

"పంపిస్తేనే వచ్చిన" అన్నాను.

పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు. నాచారంలో అతను పనిచేసే ఫ్యాక్టరీ మా ఇంటికి రెండు వీధుల అవతలేనట. దాని గేటు బయటి క్యాంటీన్‌లో చాయ్ నేనూ తాగాను, ఆ చాయ్‌ని ఇద్దరం కలిసి తిట్టుకున్నాం. కప్పులు ఖాళీ అయ్యాయి. "ఇంకో కాఫీ తాగుదమా?" అన్నాడు. అంతకుముందు వచ్చినవాళ్లలో ఒక్కరూ రెండో కాఫీ దాకా రాలేదు. దాచడమెందుకు, నాకు ముహూర్తం పెట్టేసినంత సంబరమైంది.

ఇద్దరం కౌంటర్ దగ్గరికి వెళ్లాం. ఈసారి నేను కడతానని ఫోన్ చూపించాను. బిల్లు వేసే అమ్మాయి స్క్రీన్ చూసి మురిసిపోయింది.

"అక్కా, మీకు ఫ్రీ కాఫీ వచ్చింది! పోయిన ఆదివారం గా అద్దాలన్నతోని వచ్చిన్రు, అంతకుముందు గా పొడుగన్నతోని వచ్చిన్రు గదా, అన్నీ కలిపి ఐదైనయి." నంబర్ చివరి అంకెలు పైకి చదివింది. "ఇదే గదక్కా?"

వరసగా మగవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి కాఫీలు పోగేసుకునే మనిషిలా నిలబడ్డాను అతని ముందు.

"నాది కాదు" అన్నాను. "ఎవరిదో పడినట్టుంది."

పాపం, ఆ అమ్మాయి తనదే పొరపాటు అనుకుని "సారీ అక్కా" అంది. అతను జేబులోంచి తన ఫోన్ తీసి ఒకసారి చూశాడు. ఇందాక కింది నుంచి చేసిన కాల్, అందులో అన్నిటికన్నా పైన ఉన్నది నా నంబరే. అదే ఫోన్‌తో బిల్లు కట్టేశాడు. ఆ రెండో కాఫీ తాగినంతసేపూ మేం ఎండల గురించి మాట్లాడుకున్నాం.

మెట్లు దిగాక అతనే ఆగాడు.

"మీరు ఎంతమందిని సూస్తే నాకేందండి? నేను గూడ మస్తు మందినే సూసిన. కానీ నంబర్ మీది గాదన్నరు సూడున్రి..." మాట మధ్యలో వదిలేసి, "పోయొస్త" అని ఆటో ఎక్కాడు.

నేను దాచిన విషయం అతనికి అసలు విషయమే కాదు. దాచడమే విషయమైంది.

సాయంత్రం వాళ్ల ఇంటి నుంచి కబురు వచ్చింది, అబ్బాయికి కుదరదట. అమ్మకు ఒళ్లు మండిపోయింది.

"వానికేం పుట్టిందే? గంటసేపు కూసోబెట్టుకొని మాట్లాడిండు గదా! పొగరు. బంగారమసొంటి పిల్లకు వంక వెడ్తడా?"

అతని తప్పేం లేదమ్మా అనడానికి నాకు నోరు రాలేదు. అన్నం పెడుతూ అమ్మ అతన్ని తిడుతూనే ఉంది. నేను వింటూ తిన్నాను.