కత్తెరంత బరువు

పదేళ్ల తరవాత రాబోయే లాప్‌టాప్‌ని మా అల్లుడు ఈపాటికే చేసేశాడు. సరే, అది వెలగదు. ఉత్త చెక్క నమూనా. కంపెనీవాళ్లు కాగితం మీద గీసిన రేపటి కంప్యూటర్లను చెక్కతో చేసి చేతికివ్వడం అతని ఉద్యోగం. వేళ్లకెప్పుడూ రంపపు పొట్టు, చెవిమీద పెన్సిలు. చెంచా అందుకున్నా ముందు అరచేతిలో తూచి చూస్తాడు. కిందటి నెల, ఈసారి నమూనా నచ్చకపోతే వర్క్‌షాపు మూసేస్తామన్నారు. పుస్తకంలా మడిచే ఆ రెండు తెరల నమూనా అతని చేతికి మరీ తేలిగ్గా తగిలిందట. కుట్టుపని చేసే మా అమ్మాయి ఇనప కత్తెరని దాని లోపల పెట్టి అతికించేశాడు. పెద్ద ఆఫీసరు దాన్ని ఒంటిచేత్తో ఎత్తి, "అబ్బ! బరువంటే ఇదీ. అసలుది కూడా సరిగ్గా ఇంతే ఉండాలి," అంటూ అద్దాల బీరువాలో పెట్టించి తాళం వేయించాడు. వర్క్‌షాపు నిలబడింది. ఇప్పుడు ఇంజనీర్లు ఆ బరువు కుదరక తంటాలు పడుతున్నారు, మా అమ్మాయి కత్తెర కోసం ఇల్లంతా తిరగేస్తోంది.

నిన్న భోజనాల దగ్గర ఈ సంగతి బయటపెట్టాను.

"నిజమేనా?" అంటూ అమ్మాయి గరిటె ఎత్తింది.

అల్లుడు ఉప్పుడబ్బాని అరచేతిలో తూచుకుంటూ, "మీ నాన్నగారివన్నీ కోతలే. నీ కత్తెర నేను చూడనేలేదు," అన్నాడు.