పంచాయతీ వారి నిద్ర గది

నా కూతురు పుట్టిన మొదటి ఏడాది నాకు వరుసలో గుర్తులేదు. ముక్కలు ముక్కలుగా ఉంది. పెంకుల సందుల్లోంచి నేల మీద పడే ఎండ, ఇంటినిండా గంజి వాసన, నాలుగిళ్ళ అవతల మగ్గం చప్పుడు, నా భుజం మీద పాలు కక్కిన మరక. ఏది ముందో ఏది తరువాతో అడిగితే చెప్పలేను. కళ్ళు తెరిచే ఉండేవి, మేలుకుని ఉన్నానో లేదో మాత్రం నాకే తెలిసేది కాదు. ఒకసారి అన్నం కలుపుకుని, తినేశాననుకుని కంచం కడగడానికి కూర్చున్నాను. మెతుకులన్నీ తూములోకి కొట్టుకుపోతుంటే అప్పుడు ఆకలి తెలిసింది.

మా పుట్టిల్లు మైలవరం. నాన్నకి అక్కడ చిన్న బట్టల కొట్టు. నన్ను చల్లపల్లి దగ్గర్లో ఉన్న ఒక నేత ఊరికి ఇచ్చారు. మా ఆయన విజయవాడలో బెంజ్ సర్కిల్ దగ్గర చీరల షాపులో పనిచేస్తారు. వారానికి ఒక్క రోజు సెలవు. ఆ రోజు వచ్చి, పిల్లని ఎత్తుకుని, పది ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టి, మర్నాడు మొదటి బస్సుకి వెళ్ళిపోయేవారు. ఆ ఫోటోలు చూసి మా చుట్టాలందరూ ఆయన పిల్లని పెంచుతున్న తీరుకి ముచ్చటపడేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

ఇంట్లో మిగిలేది నేనూ, పిల్లా, మా అత్తగారూ. మామగారు పోయాక గుంట మగ్గం ఆవిడ చేతికి వచ్చింది. పొద్దున్నే గుంటలోకి దిగితే భోజనానికే లేచేది. మాటలు బొత్తిగా తక్కువ. నేను అందుకు పూర్తి వ్యతిరేకం. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ నాకు చెప్పి పంపిన సామెతని నేను మైలవరం దాటేలోపే మర్చిపోయాను.

ఆ ఏడాదే మా ఊళ్ళో ఒక గది తెరిచారు. పంచాయతీ ఆఫీసు సచివాలయం భవనంలోకి మారిపోయాక పాత గది ఖాళీగా పడి ఉంది. సర్పంచి గారు తీర్మానం చేయించి, పంచాయతీ నిధుల్లోంచి కొంత దానికి ఇప్పించారు. రెండు ఫ్యాన్లు, ఆరు చాపలు, నాలుగు ఉయ్యాలలు, మంగళవారం శుక్రవారం విజయవాడ నుంచి బస్సులో వచ్చే ఒక మేడం. బయట 'కుటుంబ సహాయ కేంద్రం' అని బోర్డు రాయించారు. ఆ పేరు బోర్డు మీదే ఉండిపోయింది. ఊరు పెట్టిన పేరు నిద్ర గది.

ఎందుకంటే ఆ మేడం పెట్టిన మొదటి రూలు అది. చంటిపిల్లతో వచ్చిన తల్లి ముందు పడుకోవాలి. మాటలు తరువాత. ఆమె నిద్రపోయినంతసేపు పిల్లని ఇంకొకరు ఎత్తుకుంటారు. లేచాక కూర్చుని మాట్లాడుకుంటారు. పిల్ల ఏడుస్తుంటే ఏం చెయ్యాలి, మనకి కోపం వస్తే ఏం చెయ్యాలి, మొగుడికి ఎలా చెప్పాలి, ఇవే. పట్టపగలు ఆడవాళ్ళు ఇంటి పని వదిలేసి పంచాయతీ చాపల మీద పడుకోవడం ఊరికి పెద్ద వింత అయిపోయింది. "మనం కట్టే ఇంటి పన్నుతో కోడళ్ళని నిద్రపుచ్చుతన్నారంట" అని అరుగుల మీద నవ్వులు. నవ్వేవాళ్ళలో ఒక్కరూ పిల్లని ఒక గంట పట్టుకున్న పాపాన పోలేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, అదన్నమాట.

నేను కూడా మొదట్లో నవ్వాను. వెళ్ళలేదు.

పిల్లకి నాలుగో నెల. మధ్యాహ్నం. పొద్దుటి నుంచి ఒకటే ఏడుపు. పాలు పట్టాను, ఎత్తుకు తిప్పాను, ఉయ్యాలలో వేశాను, తీశాను. తలుపులు, గోడలు అన్నీ నీళ్ళలోంచి చూసినట్టు కదులుతున్నాయి. ఆ తరువాత ఏం జరిగిందో నాకు బయట నిలబడి చూసినట్టు గుర్తుంది. ఒక ఆడమనిషి పిల్లని రెండు రెక్కలూ పట్టుకుని గట్టిగా ఊపేస్తోంది. ఏడుపు ఆపవే, ఆపవే అంటోంది. పిల్ల ఆపింది. మెడ వాలిపోయి నా వైపు చూసింది. ఆ ఆడమనిషి నేనేనని నాకు అప్పుడు తెలిసింది.

చెప్పులు కూడా వేసుకోకుండా నిద్ర గదికి నడిచాను. అది మంగళవారం కావడం నా అదృష్టం. మేడంకి అంతా చెప్పేశాను. ఆమె అరవలేదు. పిల్లని తీసుకుని కళ్ళు చూసి, మెడ చూసి, "ముందు డాక్టరుకి చూపిద్దాం పదమ్మా" అని ఆటోలో చల్లపల్లి తీసుకెళ్ళింది. పిల్లకి ఏమీ కాలేదని డాక్టరు చెప్పేవరకు నేను ఊపిరి తీసుకున్నానో లేదో తెలియదు. వెనక్కి వచ్చాక చాప చూపించి "ఇప్పుడు పడుకో" అంది.

అలాంటి నిద్ర నేను మళ్ళీ పోలేదు. అందులో మగ్గాల చప్పుడు ఉంది, ఎవరో పిల్లని జోకొడుతున్న చప్పుడు ఉంది, నేను లేను. లేచేసరికి ఎండ గోడ మీదికి వచ్చేసింది. పక్కన ఎవరో ముక్కూ మొహం తెలియని అమ్మాయి నా కూతుర్ని ఒళ్ళో వేసుకుని సెల్లు చూసుకుంటోంది. "పాలు కూడా తాగిందక్కా, నా పాలే" అంది. నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి కంగారుపడి సెల్లు పక్కన పెట్టేసింది.

ఇంటికెళ్ళి అత్తగారికి పిల్లకి జలుబు చేస్తే చూపించుకొచ్చానని చెప్పాను. ఆవిడ తల ఊపింది. అసలు సంగతి మేడంకి తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను.

తరువాత రెండేళ్ళు ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం నేను ఆ గదిలోనే. కోపం నెత్తికెక్కుతుంటే పిల్లని ఉయ్యాలలో వేసి, గది బయటికొచ్చి మొహం కడుక్కుని, వంద అంకెలు లెక్కపెట్టి లోపలికి వెళ్ళడం అక్కడే నేర్చుకున్నాను. వినడానికి ఏముంది, ఇంతేనా అనిపిస్తుంది. చెయ్యడం మాత్రం ఒకరు పక్కన ఉండి నేర్పితే తప్ప రాదు. మా ఆయన్ని కూడా ఒక శుక్రవారం సెలవు పెట్టించి తీసుకెళ్ళాను. మేడం ఆయన చేతిలో పిల్లని పెట్టి ఫోను తీసేసుకుంది. ఆ గంటలో ఆయన మొహం చూసి తీరాలి.

మళ్ళీ నెల తప్పాను. సంతోషం వెనకాలే భయం వచ్చి కూర్చుంది. ఇద్దరు పిల్లలు, ఒక్కదాన్ని, మళ్ళీ ఆ నిద్రలేని నెలలు. నా చేతుల మీద నాకు నమ్మకం లేదు. గది ఉంది కదా అనే ధైర్యం ఒక్కటే ఉండేది. సరిగ్గా అప్పుడే పంచాయతీలో కొత్త మాట మొదలైంది. ఊరి మొదట్లో స్వాగత ద్వారం కట్టాలట. పక్క ఊళ్ళో కట్టారు కాబట్టి మనకీ ఉండాలట. నిద్ర గదికి ఇస్తున్న నిధులు దానికి మళ్ళిస్తే సరిపోతుందని కొందరు వార్డు మెంబర్లు అన్నారు. సర్పంచి గారు ఎటూ తేల్చలేక, మండలం ఆఫీసు నుంచి ఒక అధికారిని పిలిపించి, ఆ గది అవసరమో కాదో చూసి రాయమన్నారు.

ఇక్కడే మేము చేసిన ఘనకార్యం చెప్పాలి.

పెద్ద ఆఫీసరు వస్తున్నాడంటే మా ఊళ్ళో పెళ్ళివారు వస్తున్నట్టే. ముందు రోజే గదంతా కడిగేశాం. గుమ్మంలో ముగ్గు. పగలు పడుకుంటామని తెలిస్తే ఏమనుకుంటాడోనని చాపలన్నీ చుట్టి అటక మీద పడేశాం. ఉయ్యాలలు విప్పేశాం. పిల్లలు గోల చేసి పరువు తీస్తారని అందరినీ ఇళ్ళల్లో వదిలేసి వచ్చాం. మా మగ్గాల మీద నేసినవి కట్టుకుంటేనే మర్యాదని తలా ఒక మంచి చీర, తలలో పూలు. పులిహోర నేనే కలిపాను. మేడం ఆ రోజు బస్సు ఆలస్యమై రాలేదు. వచ్చి ఉంటే మమ్మల్ని చూసి తల బాదుకునేది.

ఆయన మంచివాడు, నెమ్మదస్తుడు. కుర్చీలో కూర్చుని ఒక్కొక్కరినీ అడిగాడు.

"ఇంట్లో ఏమన్నా ఇబ్బందులున్నాయామ్మా? పిల్లల్తో గాని, పెద్దవాళ్ళతో గాని?"

"అబ్బే, ఏం లేవండీ."

"మీకమ్మా?"

"మా ఆయన బంగారమండీ."

ఇంటి గుట్టు లంకకు చేటని పుట్టినప్పటి నుంచి విన్నవాళ్ళం. ఊరుగాని ఊరి మనిషి ముందు ఎవరు నోరు విప్పుతారు? నా వంతు వచ్చింది. అందరికన్నా పెద్ద నోరు నాది కదా, అబద్ధం కూడా అందరికన్నా పెద్దదే చెప్పాను. "మా అత్తగారు మా అమ్మకన్నా ఎక్కువండీ. పిల్ల ఏడిస్తే నేను లేచేలోపే ఆవిడే ఎత్తుకుంటారండీ" అన్నాను. ఆయన చాలా సంతోషించి, పులిహోర రెండోసారి వేయించుకుని, ఈ ఊళ్ళో కుటుంబాలన్నీ చల్లగా ఉన్నాయి, ఈ కేంద్రం అవసరం కనిపించలేదు అని రాసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సంగతి తెలిసిన రోజు మేడం మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అటక మీది చాపలు తనే దించుకుని దులిపింది. తిట్టినా బాగుండేది.

గ్రామసభ బడి ఆవరణలో పెట్టారు. మబ్బు పట్టిన మధ్యాహ్నం, షామియానా కింద వెలుగు పచ్చగా ఉంది. ఐదో నెల కడుపుతో, రెండున్నరేళ్ళ కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అత్తగారు నా వెనక వరసలో ఉంది. కార్యదర్శి మైకులో చదువుకుంటూ పోతున్నాడు. డ్రైనేజీ, వీధి దీపాలు, నీళ్ళ ట్యాంకు. నాకు నిద్రమత్తులా కమ్ముతోంది. ఆయన గొంతు ఎక్కడో కాలవ అవతల నుంచి వస్తున్నట్టుంది. కుటుంబ సహాయ కేంద్రం అనే మాట వినపడేసరికి నేను లేచి నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో తెలియదు.

"ఆఫీసరు గారికి నేను అబద్ధం చెప్పానండీ" అన్నాను. అధికారి ముందు వరసలోనే ఉన్నాడు. "నా కూతుర్ని నాలుగో నెల్లో రెక్కలు పట్టుకుని ఊపేశానండీ. చంపేసేదాన్నే. ఆ గది ఉండబట్టి ఇది బతికుంది. ఇప్పుడు మళ్ళీ నాకు ఐదో నెల. గది తీసేస్తే నా చేతులకి ఎవరు హామీ ఇస్తారండీ?"

సభ మొత్తం నా వైపు చూస్తోంది. ఒక ముసలాయన "ఏం తల్లివమ్మా నువ్వు" అన్నాడు. పరువు పోయింది, అది పోయినా పరవాలేదు గాని ఎవరూ మాట్లాడరేమోనని చచ్చే భయం వేసింది.

అప్పుడు వెనక నుంచి అత్తగారి గొంతు వినపడింది. పదిమందిలో ఆవిడ మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు.

"దాన్నేం అనబాకండి. ఆ రోజు నేను చూశాను."

నేను తిరిగి చూశాను. ఆవిడ నిలబడి కొంగు భుజం చుట్టూ కప్పుకుంటోంది.

"మగ్గం మీదున్నాను. తలుపు తీసే ఉంది. పిల్లని ఊపేత్తంటే చూశాను. చూసి కూడా లేవలేదు. ఎత్తుకోటానికి నేను లేచుంటే ఆ గదితో పనేముంది? అవసరమని రాసుకోండి బాబూ."

సర్పంచి గారు కార్యదర్శి దగ్గర మైకు తీసుకున్నారు. చేతులెత్తమన్నారు. మొదట చంటిపిల్లల తల్లులు ఎత్తారు, తరువాత వాళ్ళ పక్కన కూర్చున్నవాళ్ళు. గదికి నిధులు కొనసాగించాలని తీర్మానం రాశారు. స్వాగత ద్వారం సంగతి తరువాత చూద్దామన్నారు.

నేను సంతోషించాల్సింది. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఇంటికి నడుస్తున్నంతసేపూ పిల్లని చంకనేసుకుని ముందు నడిచాను, వెనక్కి తిరగలేదు. రెండేళ్ళ పైమాట. రెండేళ్ళ పైనుంచి తెలిసి ఒక్క మాట అనలేదు. గడప దాటగానే అడిగేశాను.

"చూసి ఎందుకు లేవలేదత్తయ్యా? మగ్గం మీది చీర పూర్తిచేసి దింపాలనా?"

ఆవిడ మగ్గం గుంట అంచు మీద కూర్చుంది. చేతులు చూసుకుంది.

"చీరదేముందే. లేత్తే నిన్ను కొట్టేదాన్ని. ఆపటమంటే కొట్టటమేననుకున్నా. మా అత్త నన్నట్టాగే ఆపింది. నీ మొగుడి చెంప మీద ఆ మచ్చ చిన్నప్పుడు పడ్డ దెబ్బంటాడు చూడు, అది పడ్డది కాదు. నేను చేసిందే."

ఎప్పుడూ ఆగని నా నోరు ఆ రోజు ఆగింది. నా ఒంట్లో కోపం ఎటు పోయిందో తెలియదు. పిల్ల నా చంకలోంచి దిగి, ఆవిడ దగ్గరికి పోయి, కొంగు పట్టుకుని నిలబడింది. ఆవిడ దాన్ని ఎత్తుకోలేదు. చెయ్యి దాని తల దాకా తెచ్చి ఆగిపోయింది.

"రేపు మంగళారమేగా" అంది, నా వైపు చూడకుండా. "ఆ గదిలోకి నాబోటి ముసల్దాన్ని రానిత్తారంటావా?"