బేరింగుల బండి

పాల్వంచలో మెకానిక్ షెడ్డు దాటుతుంటే గ్రీజు వాసన తగిలి, చిన్ననాటి జతగాడు సోమయ్య మీద పాత కోపం మళ్లీ లేచింది.

చిన్నప్పుడు ఒక ఎండాకాలం ఇద్దరం చెక్కకు పాత బేరింగులు బిగించి, చెప్పు ముక్కతో బ్రేకు పెట్టి బండి చేశాం. చక్రాల కింద తొక్కించే నిమ్మకాయలు నేనే తెచ్చాను. తీరా గుట్టెక్కాక వాడే కూర్చున్నాడు.

"మొదలు నేను పోత. నువ్వు నూకు."

"నిమ్మకాయలు నావి గదరా."

"అయితే పులిహోర కలుపుకో."

తోశాను. ఇప్పపూల వాసనలో బండి కలలోలా తేలిపోయింది. కింద తుప్పల్లో పడి వాడి మోకాలు చీరుకుపోయింది. తగిన శాస్తి అనుకున్నాను.

మర్నాడు బ్రేకుకు మందపాటి ముక్క కొట్టి, నన్ను ఎక్కించాడు.

బ్రేకు పడుతుందో లేదో చూడటానికే వాడు ముందు ఎక్కాడని పెద్దయ్యాక అర్థమైంది. అయినా నాతో ఒక మాట చెప్పాల్సింది. ఇద్దరం కలిసే పడేవాళ్లం.