పరిగె ఏరుకునే అవ్వ

చెనక్కాయ పీకేసిన మా చేలో పరిగె ఏరుకోవడానికి మా ఊరి కూలి అవ్వ ఒకామె ఏటా వచ్చేది. మనవళ్ల కోసం ఒడి నింపుకొని, చేనికి దండం పెట్టి పోయేది. చేలో మిగిలిన కాయలు లేనివాళ్లవే, అది మా నాయన కాలం నుంచీ ఉన్న పద్ధతి. పేదల పక్షాన ఊరూరా గొంతు చించుకున్న పెద్దమనిషిని నేనే. అయినా వాన ముఖం చాటేసిన ఏడాది ఆమెను గట్టు మీద ఆపాను.

"ఏమవ్వా, మాకే గతి లేకుంటే నువ్వేం ఏరుకుంటాండావ్?"

ఆమె ఒడి విప్పి కాయలన్నీ నా కాళ్ల దగ్గర పోసింది.

"తీసకపో నాయనా. ఇన్నేండ్లు నీ చేనే మా పిల్లోల్లను సాకింది. ఈయేడు నీ పిల్లోల్లు తినాల గదా."

వెటకారమేమోనని ముఖంలోకి చూశాను. కాదు. కొంగు దులుపుకొని వెళ్లిపోయింది. నేను వెనక్కి పిలవలేదు. చుట్టూ ఎవరూ లేరని చూసుకొని, కింద కూర్చొని, ఒక్కొక్క కాయే ఏరి తువ్వాల్లో మూట కట్టుకున్నాను.