తిమ్మప్ప చూపించే నీళ్లు

తిమ్మప్పకు లేని నీళ్లు చూపించే జబ్బు ఉంది.

బెళుగుప్ప చుట్టుపక్కల ఎవరి ఇంటికి కొత్త మనిషి వచ్చినా, ఆ మనిషి చెప్పులు విప్పకముందే తిమ్మప్ప పాత జీపు వాకిట్లో ఆగుతుంది. "మా సీమ చూద్దువు రాప్పా" అని ఎక్కించుకుపోతాడు. ఏరు చూపిస్తాడు, ఏట్లో ఇసుక ఉంటుంది. మడుగు చూపిస్తాడు, మడుగులో మేకలు మేస్తుంటాయి. ఊరికే చూపిస్తే సరిపెట్టుకోవచ్చు. ఎండిన వంక దాటేటప్పుడు చెప్పులు చేత పట్టుకుని, పంచె మోకాళ్ల పైకి ఎగగట్టి, కాలితో లోతు తడుముకుంటూ ఒక్కో అడుగూ వేస్తాడు. పక్కవాళ్లూ అలాగే దాటాలి. ఒకసారి పంట నష్టం రాసుకోవడానికి వచ్చిన వ్యవసాయాధికారి చేత ప్యాంటు మడిపించి, బూట్లు మెడలో వేయించి మరీ దాటించాడు. కరువు చూడ్డానికి వచ్చిన ఆ పెద్దమనిషి అవతలి గట్టున నిలబడి కాళ్లు తుడుచుకున్నాడట.

ఇటువంటి మనిషికి అంజలి కోడలి వరస అయింది.

అంజలి పుట్టి పెరిగింది మారిషస్‌లో. ముత్తాతల కాలంలో చెరకు తోటల పనికి ఓడెక్కిన తెలుగువాళ్ల పిల్ల. తెలుగు బళ్లో నేర్చుకుంది కాబట్టి పాఠ్యపుస్తకం తెరిచినట్టు మాట్లాడుతుంది. రసాయనశాస్త్రం చదివింది కాబట్టి దేనికైనా కొలతవేసి మరీ భయపడుతుంది. తిమ్మప్ప అన్న కొడుకు శ్రీకాంత్ అక్కడ ఉద్యోగం చేస్తూ ఆమెను పెళ్లాడాడు. బెళుగుప్ప దగ్గర గాలిమరల్లో పని దొరికితే ఈ మాఘమాసంలో భార్యనూ, ఐదేళ్ల కూతురినీ తీసుకుని వచ్చాడు. గాలికి ఆదివారం సెలవు లేదు గనక అతను ఎప్పుడూ డ్యూటీలోనే ఉంటాడు.

కూతురి పేరు గౌతమి. నది పేరు పెట్టుకున్న ఆ పిల్లకు నీళ్లంటే చచ్చేంత భయం. కిందటేడు సముద్రం ఒడ్డున ఆడుకుంటుంటే ఒక అల దొర్లించింది. రెప్పపాటులో బయటికి లాగారు, దెబ్బ కూడా తగల్లేదు. కానీ ఆనాటి నుంచి చెంబెడు నీళ్లు ఒంటి మీద పడనివ్వదు. తడిగుడ్డతో తుడవడమే స్నానం. కుళాయి విప్పితే ఇల్లు వదిలి పారిపోతుంది. ఈ విషయం మీద అంజలి చదవని వ్యాసం లేదు. కొంచెం కొంచెంగా అలవాటు చేయమని అందులో ఉంటే, పళ్లెంలో గరిటెడు నీళ్లు పోసి ముందు పెట్టింది. గౌతమి బీరువా ఎక్కింది. దింపడానికి పక్కింటివాళ్లు రావలసి వచ్చింది.

జూన్‌లో బడిలో వేయాలి. బడిలో చేతులు కడుక్కోవాలి. ఆ వెనకే వానలు. అనంతపురం వానలు నమ్మదగ్గవి కావులే అని అందరూ ధైర్యం చెప్పారు గానీ, తల్లి భయానికి ఆ ధైర్యం ఆనలేదు.

అందుకే తిమ్మప్ప జీపు వచ్చి ఆగినప్పుడు అంజలి ముందుగా అడిగిన మాట ఒకటే. "మామయ్యగారూ, మనం వెళ్లే చోట నీళ్లుంటాయా? పాపకు భయం."

తిమ్మప్ప పిల్ల వంక చూశాడు. పిల్ల తల్లి కొంగు వెనక నక్కింది.

"ఉండకుండా యాడికి పోతాయమ్మా? బోలెడుండాయి" అన్నాడు.

వంటలో సాయానికి వచ్చిన ఆయన భార్య నారాయణమ్మ వంటింట్లోంచి కేకేసింది. "బయపడొద్దమ్మా అంజలీ, పో! నా పెండ్లైన కాడ్నుంచి ఆ జీపులో తిరుగుతాండా. ఒక్క చుక్క చూపిచ్చింది ల్యాదు."

అంజలికి ప్రాణం లేచివచ్చింది. మారిషస్‌లో ఏ ఆదివారమూ ఇంట్లో కూర్చున్న మనిషి కాదు ఆమె. కొత్త దేశమూ చూడొచ్చు, తడవకుండానూ ఉండొచ్చు. రెండు టోపీలు, గ్లూకోజు పొట్లాలు, థర్మామీటరు, తేలు కుడితే పెట్టే మందు సర్దుకుని జీపెక్కింది.

మొదటి యాత్ర తనకల్లు అవతలి కొండల్లోని జలపాతానికి. తెల్లారకముందే బయల్దేరి, ఒళ్లు హూనమయ్యాక చేరుకున్నారు. ఎదురుగా ఆకాశాన్ని అంటుతూ నల్లని బండ. బండ మీద ఒక తొండ తల ఊపుతోంది. అంతకు మించి కదిలేది ఏదీ లేదు.

"వెనక్కు రామ్మా! తడుస్తావు!" అని తిమ్మప్ప గొంతు చించుకున్నాడు.

"మామయ్యగారూ, ఎందుకు అరుస్తున్నారు?"

"ఆఁ?"

"ఎందుకు అరుస్తున్నారు అని అడుగుతున్నాను!"

"వినపడ్డంల్యా! నీళ్ల మోత! గట్టిగా చెప్పు!"

కొంగు వెనక నుంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది. గౌతమి తల బయటపెట్టి, "తాతా! నేను తడవలేదు!" అని అరిచింది.

"యాడ తడవలే? నెత్తి చూస్కో, కారుతాండాది!"

పిల్ల నెత్తి తడిమి చూసుకుని పకపకా నవ్వింది. దారంతా నవ్వుతూనే వచ్చింది. బండకు ఎవరు భయపడతారులే అని అంజలి సరిపెట్టుకుంది.

అక్కడి నుంచి ప్రతి ఆదివారమూ జీపు రావడం మొదలైంది. యాడికి అనే ఊరి దగ్గర గుహలో తిమ్మప్ప గొడుగు విప్పించాడు. ఒక ఎండిన కుంట గట్టున, "జారతాది, నా చెయ్యి పట్టుకో" అని అందరినీ ఒకరి వెనక ఒకరిని నడిపించాడు. వంకలు దాటేటప్పుడు గౌతమి ఆయన భుజాల మీద ఎక్కేది.

"తాతా, ఎంత లోతు?"

"మోకాలు దాకా ఉండాది. అదిగో, ఆడ నడుము దాకా."

కొన్నాళ్లకు పిల్ల దింపమంది. గౌను పైకెత్తి పట్టుకుని, "తాతా, నీకు మోకాలు దాకా అయితే నాకు ఛాతీ దాకా కదా?" అని లెక్క అడిగింది.

"అవు. చెయ్యి ఇడ్చొద్దు మరి."

ఆ ఇసుక ఎంత కాలుతోందో, పాదాలు బొబ్బలెక్కుతాయేమో అని అంజలి గట్టున నిలబడి గ్లూకోజు కలుపుతూ ఉండేది.

తిమ్మప్పతో ఇంకో తంటా, ఆయన జీపుకు తిన్నని దారి తెలియదు. ఎటు పోవాలన్నా బండిబాటలు, ముళ్లకంపలు, శనక్కాయ చేల గట్లు.

"మామయ్యగారూ, ఫోనులో చక్కని తారు రోడ్డు కనిపిస్తోందండీ. పక్కన చెరువు కూడా ఉన్నట్టుంది, నీలంగా."

"ఫోనుకేం తెల్సమ్మా? నీలం రంగు మిగిలింటే పూసింటారు" అని తిమ్మప్ప జీపును మళ్లీ కంపల్లోకి తిప్పాడు. ఆ పటంలో నీలంగా ఉన్న ప్రతిచోటా ఇసుకే చూసిన అంజలికి ఆ మాట శాస్త్రీయంగానే తోచింది.

ఉగాది దాటాక ఒక ఆదివారం ఏటి ఇసుకలో కూర్చుని తాతా మనవరాలూ చెలమ తవ్వడం మొదలుపెట్టారు. చేతులతో ఇసుక తోడి, గుంత చేసి, నీటి ఊట కోసం ఎదురుచూడటం. గౌతమి మోచేతుల దాకా గుంతలో పెట్టి తవ్వుతోంది. ఇసుక ముందు చల్లబడింది. తర్వాత రంగు మారింది. ఆ తర్వాత అడుగున అద్దం ముక్కంత నీరు, ఎవరినీ బెదిరించకుండా, మెల్లగా పైకి వచ్చింది.

అంజలి గబుక్కున అటూ ఇటూ చూసింది. చుట్టుపక్కల ఎక్కడానికి బీరువా కూడా లేదు.

గౌతమి చూసింది. వేలు పెట్టి తీసింది. మళ్లీ పెట్టింది. "తాతా, ఇది నేను తవ్విన నీళ్లు" అంది. దోసిట్లో తీసుకుని తాత మొహాన కొట్టింది.

అంతలో గట్టు మీది నుంచి హనుమక్క అనే ఆవిడ దిగింది. నెత్తిన బుట్ట, బుట్ట అంచున ఒక తోక టపటపా కొట్టుకుంటోంది.

"చేపలమ్మా! బతికిన చేపలు!"

ఎండిన ఏట్లో చేపలమ్మే మనిషిని చూసి అంజలి తనకే ఎండదెబ్బ తగిలిందేమోనని నుదురు పట్టి చూసుకుంది. "ఈ చేపలు ఎక్కడివండీ?"

"యాడివేంది? చెరువులోవి. తారు రోడ్డు పక్కన చెరువు ల్యా? కాలువ నీళ్లొచ్చి చలికాలం నుంచి కడుపు నిండా ఉండాది. అనంతపురం నుంచి కార్లేసుకొని వస్తాండారు జనం." హనుమక్క తిమ్మప్ప వైపు తిరిగింది. "ఏమన్నా తిమ్మప్పన్నా, ఇంటికొచ్చిన కోడలికి ఇంగా చెరువు చూపీలేదా? మీ వీధిలోకి చేపలు తెస్తానంటే, పాప బయపడ్తాది, చెరువు మాట ఎత్తొద్దంటివి. చెరువు మాట ఎత్తకుండా చేపలెట్ల అమ్మేదప్పా? చెట్టుకు కాసినాయని చెప్పాల్నా?"

తిమ్మప్ప పోయిన ఉంగరం వెతుకుతున్నవాడిలా ఇసుకలోకి తల దించాడు.

"మామయ్యగారూ, అందుకేనా ఆ ముళ్లదారులన్నీ?"

"ఛ, అట్లేం ల్యాదు. తారు రోడ్డు నిండా గుంతలు."

"పోయినేడే కదప్పా ఏసినారు!" అంది హనుమక్క.

అంజలి బళ్లో నేర్చిన తెలుగులో కృతజ్ఞతకు పెద్ద పెద్ద మాటలు ఉన్నాయి గానీ, ఇసుకలో తల దూర్చిన మనిషికి చెప్పడానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు.

గౌతమి మాత్రం తడిచేతులు గౌనుకు తుడుచుకుంటూ అడిగింది. "తాతా, ఆ చెరువు ఎంత లోతు?"

"గట్టు కాడ మోకాలు దాకా."

"నీకా, నాకా?"

"నీకే."

"అయితే పోదాం."

హనుమక్క కూడా బుట్టతో సహా జీపెక్కింది. తారు రోడ్డు మీద జీపు మొదటిసారి కుదుపు లేకుండా పోయింది. చెరువు కనిపించగానే గౌతమి తల్లి వేలు గట్టిగా పట్టుకుంది. అవతలి గట్టు దాకా నీళ్లు; కొంగలు; గాలికి చిన్న చిన్న అలలు. పిల్ల చాలాసేపు చూసింది. గౌను పైకెత్తి ఒక అడుగు వేసింది. అల ఒకటి వచ్చి పాదాన్ని తాకి వెనక్కి పోయింది. పిల్ల బిగుసుకుపోయింది. ఇంకో అల వచ్చింది. ఈసారి దాన్ని చేత్తో చెళ్లున కొట్టింది. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే మోకాలి లోతులో చతికిలబడింది.

అంజలి కొత్త చెప్పులతోనే నీళ్లలోకి ఉరికింది. పిల్లను ఎత్తుకోబోతే పిల్ల రానంది. నవ్వుతూ వెనక్కి తిరిగి చూసేసరికి తిమ్మప్ప ఎక్కడో పైన, జీపును ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"రండి మామయ్యగారూ!"

"మీరు చూడండమ్మా. నేను జీపు కాడుంటా. ఎవరన్నా ఎత్తుకపోతే?"

"ఆ జీపునెవరు ఎత్తుకపోతారప్పా, తోసేదానికి నలుగురు కావల్ల" అని హనుమక్క విరగబడి నవ్వింది. "ఈయప్పకు నీళ్లంటే బయమమ్మా! చిన్నప్పుడు బాయిలో పడినాడు. అప్పట్నుంచి నీళ్లుండే చెరువులో కాలు పెట్టింది ల్యాదు. ఊరందరికీ తెల్సు."

తిమ్మప్ప ఆకాశంలో ఏదో పక్షిని చూడసాగాడు. ఆకాశంలో పక్షులేమీ లేవు.

గౌతమి నీళ్లు కారుతూ గట్టెక్కి వచ్చింది. తాత చూపుడువేలు పట్టుకుని లాగింది. తిమ్మప్ప అటు చూశాడు, ఇటు చూశాడు, ఆదుకునేవాళ్లు ఎవరూ కనిపించలేదు. పిల్ల వెంట దిగి, పెళ్లిపీటల మీదికి వచ్చిన పెళ్లికొడుకులా కుడికాలు ముందు పెట్టాడు. ఒక్కసారి ఉలిక్కిపడి కాలు వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ పెట్టాడు. కాసేపు తన పాదాల వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఇంత సల్లగుంటాయని," అన్నాడు హనుమక్క వైపు తిరిగి, కోపంగా, "నాకు ఒక్కరన్నా చెప్పినారా?"